దారి రాయని నోటుబుక్కు

మా సోషల్ సారు పోయారని కిందటి నెల చర్ల నుంచి ఫోన్ వచ్చింది. ఇక ఆయన ఎదుట పడే పని లేదని ముందు నాకు ఊపిరి తేలికైంది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ ఇది దాచి ఆయన గురించి ఇంకేం రాసినా అబద్ధమే అవుతుంది.

ఆదివారమైతే చాలు, సద్ది కట్టుకుని, కొలత టేపు సంచిలో వేసుకుని మమ్మల్ని గుట్టలెక్కించేవారు. పైన రాకాసి గూళ్ళుండేవి. నాలుగు బండల్ని నిలబెట్టి పైన ఒక బండ కప్పిన పాతకాలపు సమాధులవి. రాక్షసులు కట్టారని మేం భయపడితే కసిరేవారు. "రాకాసులెక్కడివిరా! మనసొంటోళ్ళే. పోయిన మనిషిని ఒదులబుద్ధి గాక కట్టుకున్నరు."

చూసినవన్నీ నోటుబుక్కులో బొమ్మ గీసి, కొలతలు రాసేవారు. దారి మాత్రం రాసేవారు కాదు. ఆ చోట 'అడగాల్సిన మనిషి' అని గూడెంలో ఒకరి పేరు ఉండేది. ఇదేం గైడు సార్ అని నేను ఆట పట్టిస్తే నవ్వేవారు. "దారి రాస్తే దొంగ గూడ సదువుతడు. మనిషిని అడగమంటే, ఆ మనిషి మొఖం జూసి తోలుకపోతడు." గూడెం చేరాక కూడా రాళ్ళ ఊసెత్తకుండా ముందు అందరి బాగోగులూ అడిగేవారు. మాకేమో ఆకలి దంచేసేది.

ఖమ్మంలో లెక్చరర్నయ్యాక నేను ఆ నోటుబుక్కు అడిగి తెచ్చుకున్నాను. పిల్లలకు పనికొస్తుందని అంతా టైపు చేసి ఇంటర్నెట్‌లో పెట్టాను. మనుషుల పేర్లు అనవసరమనిపించి తీసేసి, ఫోనే దారి చూపేలా మ్యాపులో గుర్తులు పెట్టాను. బోలెడు మెచ్చుకోళ్ళు. అన్నీ నేనే పుచ్చుకున్నాను. సారు చూసి ఒక్కటే అడిగారు.

"పేర్లు యాడబోయినయిరా?"

"ఈ రోజుల్లో ఎవరడుగుతారు సార్" అన్నాను.

ఆ వానాకాలం దాటకముందే గుప్తనిధుల కోసం ఎవరో గడ్డపారలతో వచ్చి, ఓ గుట్ట మీది గూళ్ళన్నీ కూలదోశారు. ఎముకలు బయట పారేశారు. నేను ఇంటర్నెట్‌లోంచి ఆ పేజీ తీసేశాను. సారు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఆయన మళ్ళీ చేయలేదు. రెండేళ్ళు నేను చర్ల వైపే వెళ్ళలేదు. పిరికితనం, అంతే.

సారు దినాలయ్యాక, గూళ్ళు కూలిన ఆ గుట్ట కింది గూడేనికి వెళ్ళాను. నోటుబుక్కులో ఆ గుట్టకు రాసి ఉన్న పేరు ఒక అవ్వది. తమవాళ్ళు పోతే రాయి నిలబెట్టడం అక్కడి ఆచారం. ఆ రోజు సారుకు నిలబెడుతున్నారు. ఆయన దగ్గర చదువుకున్నానని చెప్తే అవ్వ నన్ను కూర్చోబెట్టింది.

"దొంగలు తన పుస్తకం జూసే వచ్చిన్రని సారే జెప్పిండు. తప్పంత నాదేనని మా ముంగట ఏడ్చిండు. గసొంటి మనిషి..."

"అవ్వా, సారు కాదు. ఆ దారి పెట్టింది నేను."

అవ్వ నా ముఖంలోకి చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. అంతలో గూడెం వాళ్ళు రాయి లేపుతుంటే నేనూ చెయ్యి వేయబోయాను.

"నువ్వు జర ఆగు బిడ్డా" అంది.

ఆగాను. వాళ్ళు రాయి నిలబెట్టి, చుట్టూ మట్టి పోసి తొక్కారు. అవ్వ చెంబుతో నీళ్ళు పోసి కొంగుతో రాయిని తుడిచింది, ఎండలో నడిచొచ్చిన మనిషి ముఖం తుడిచినట్టు.