కడలూరు చర్చిలో నేను చెప్పని మాట

నాకు పదేళ్లప్పుడు నెమ్ము చేసి మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో రెండు నెలలు ఉన్నాను. డెబ్బైల మొదట్లో మాట. పెద్దపంజాణి దగ్గర మా పల్లె నుంచి అమ్మ ఒక్కతే వచ్చి, నా మంచం పక్కన నేలమీద పడుకునేది. నన్ను చూసుకున్న నర్సమ్మది అరవదేశంలో సముద్రం ఒడ్డున ఉన్న కడలూరు. ఆమె మెడలో చిన్న సిలువ ఉండేది. జ్వరం దిగని ఒక సాయంత్రం అమ్మ ఆ సిలువకు దండం పెట్టి, నేను బతికితే నర్సమ్మ ఊళ్లో చర్చికి తీసుకుపోయి నా తలనీలాలు ఇస్తానని మొక్కుకుంది. ఆ దేవుడికి అలాంటి అలవాటు ఉందో లేదో అడగాలని ఆమెకు తోచలేదు. దేవుడన్నాక వెంట్రుకలు వద్దంటాడా?

నేను బతికాను. అమ్మ పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టింది. చెనక్కాయలు పీకినాక పోదామని ఒకసారి, బావి పూడిక తీసినాక పోదామని ఇంకోసారి నాన్న దాటేస్తూ వచ్చాడు. కడలూరేమన్నా పుంగనూరు సంతా, పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగి రావడానికి? అట్లా ఎనిమిదేళ్లు గడిచాయి. నేను దగ్గితే చాలు, అమ్మ చేతిలో పని ఆపి గూటి వైపు చూసేది. ఆ చూపు పడలేక, దగ్గు వచ్చినప్పుడల్లా దొడ్లోకి పోయి, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గి వచ్చేదాన్ని.

మదనపల్లె కాలేజీలో నాకు సీటు వచ్చిన వారమే అమ్మ మూట కట్టింది.

"కొత్త ఊరికి పొయ్యేముందు మొక్కు తీర్చుకోవల్ల" అంది.

"గుండుతో కాలేజీకి యాడ పొయ్యేదమ్మా?"

"ఎంటికలు మొలుస్తాయి. పాణం మొలుస్తాదా?"

కుప్పంలో రైలెక్కాం. కాట్పాడిలో దిగి చిన్న రైలుకు మారాం. దారి పొడుగునా నాకు కుదురు లేదు. లేస్తాను, కూర్చుంటాను, కిటికీలోంచి చూస్తాను. నడుము దాటిన జడను ముందుకు వేసుకుని, ఎవరో లాక్కుపోతారన్నట్టు పట్టుకున్నాను. అమ్మ మీద ఒళ్లు మండిపోయింది. అడగని దేవుడికి నా జుట్టు ఎందుకు రాసిచ్చినట్టు?

దొరల కాలంలో కట్టిన ఆంగ్లికన్ చర్చి అది. తెల్లటి మందపాటి గోడలు, మనిషికి రెండింతల ఎత్తున తలుపులు, ఎడతెగని సముద్రపు గాలి. అమ్మ గేటు దగ్గరే చెప్పులు విడిచి, కాలుతున్న ఇసుకలో చర్చి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసింది. నేను గొణుక్కుంటూ వెనకాల గెంతాను. ఆవరణలో పాత సమాధులు ఉన్నాయి. ఒకదాని దగ్గర అమ్మ ఆగింది.

"ఏమి రాసుండారు?"

"పేర్లు" అన్నాను. అది పది నెలల బిడ్డ సమాధి. చెబితే అమ్మ అపశకునమని హడలిపోతుందని ఊరుకున్నాను.

ముసలి పాస్టరు బయటికి వచ్చాడు. అమ్మ మెట్టు మీద టెంకాయ, కర్పూరం, ముడుపు పెట్టి, "సామీ, మంగలాయన యాడుండాడు?" అని అడిగింది. ఆయనకు తెలుగు రాదు. కుప్పంలో మేనత్త ఇంట్లో రెండేళ్లు ఉండి చదివాను కాబట్టి నాకు అరవం వచ్చు. నా జుట్టు తీయించమని నా నోటితోనే అడగాల్సి వచ్చింది. మొక్కు సంగతంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. ఇక్కడ తలనీలాలు తీసుకోరని మెల్లగా అన్నాడు.

"తీసుకోరంటమ్మా. పోదాం రా" అని మూట అందుకున్నాను.

ఆయన మాట ఇంకా అయిపోలేదు. "మీ అమ్మ ఇంత దూరం వచ్చింది. దేవుడికి అదే చాలు. మొక్కు తీరిపోయింది, ఇక భయపడవద్దని ఆమెకు చెప్పు" అన్నాడు. నేను తలూపాను. ఆ మాట చెబితే, ఇచ్చేది ఇవ్వకుండా ఎట్లా తీరుతుందని అమ్మ మళ్లీ బతిమాలుతుంది, కనీసం మూడు కత్తెర్లయినా ఇస్తానంటుంది. నాకు గేటు దాటితే చాలనిపించింది.

"యాల తీసుకోరు? మనం వాళ్లోళ్లం కాదనా?"

"ఏమోమ్మా."

అమ్మ వంగి టెంకాయ తీసుకుంది. వెలిగించని కర్పూరాన్ని, ముడుపును మళ్లీ కొంగున కట్టుకుంది.

తిరుగు రైల్లో ఇంజను పొగకు నాకు దగ్గు వచ్చింది. దాచుకోవడానికి దొడ్డి లేదు. అమ్మ చెయ్యి నా వీపు మీదికి వచ్చింది, రెండో చెయ్యి కొంగు ముడిని బిగించి పట్టుకుంది. అప్పుడు నాకు సిగ్గేసింది. పాస్టరు అన్నదంతా ఒక్క ముక్క వదలకుండా చెప్పాను.

అమ్మ మొత్తం వింది. "నా మనసు కుదురుపడాలని నువ్వే కల్పించి చెప్తాండావులే" అంది.

"ఒట్టమ్మా. ఆయనే అన్నాడు."

"మరి ఆడుండంగా యాల చెప్పలేదు?"

జడ ఒళ్లో అట్లాగే ఉంది. దాన్ని చూడబుద్ధి కాలేదు.

నిండు జడతోనే కాలేజీకి పోయాను. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఎన్నోసార్లు ఆ మాట మళ్లీ చెప్పి చూశాను. అమ్మ "సరేలే" అనేది, నేను దగ్గితే గూటి వైపు చూసేది. ఎనభైల చివర్లో అమ్మ పోయింది. కర్మలయ్యాక దేవుడి గూడు తుడుస్తుంటే ముడుపు చేతికి తగిలింది. పదిహేనేళ్లకు పైబడిన గుడ్డ, చివికి పొడి అయిపోయి ఉంటుందనుకున్నాను. కానీ అది కొత్త గుడ్డ. పాతబడినప్పుడల్లా అమ్మ మార్చి కడుతూ వచ్చింది. విప్పుతుంటే పసుపు నా వేళ్లకు అంటింది.