మెమరీ పలక మీద సాంబారు గిన్నె

మొన్న అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో మా అమ్మాయి స్నేహితురాలి ఇంటికి భోజనానికి వెళ్ళాం. ఆమె భర్త పాత టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీ యంత్రంలో లెక్కలు దాచే మెమరీ పలకను బల్ల మీద పెట్టి, దానిమీదే సాంబారు గిన్నె దించాడు. వయసులో ఉండగా హైదరాబాదు ఫ్యాక్టరీలో అలాంటివి చేసినదాన్ని. ఆవగింజంత అయస్కాంతపు ఉంగరాల్లోంచి వెంట్రుకలాంటి తీగలు గుచ్చేవాళ్ళం. ఒక్కటి తప్పినా పలకంతా విప్పాలి.

"గిన్నె తియ్యి నాయనా."

"ఏం కాదు ఆంటీ, అది డెడ్ హార్డ్‌వేర్. మిషన్ ఎంత నీట్‌గా అల్లిందో చూడండి!"

"మిషన్ కాదు, మేం ఆడవాళ్ళం సూదితో గుచ్చాం. అప్పటికి నాకు సంతకం కూడా రాదు."

అందరూ జోక్ అనుకుని నవ్వారు. "ఊరుకో అమ్మా," అంటూ మా అమ్మాయి నా చెయ్యి గిల్లింది.

నేనే గిన్నె తీసి కొంగుతో తుడిచాను. సాంబారు అప్పటికే తీగల్లోకి దిగింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

అరవై దాటాక నేర్చుకున్న అక్షరాలతో ఇది రాస్తున్నాను. మా అమ్మాయి చదువుతుంది. చదవనీ.