పేర్లు చెరిపి పంపిన దీపాలు

2023 ఆగస్టు. కువైట్‌లోని సబ్హాన్ గోదాముల వరసలో ఇనుప తలుపు ముట్టుకుంటే చెయ్యి కాలే రోజులు. అక్కడి ఒక కార్గో ఆఫీసులో నాది కాగితాల పని. సరుకు ఎవరు పంపుతున్నారు, ఎవరు అందుకుంటారు, ఏ పెట్టెలో ఏముంది అన్నది రాసిపెట్టాలి. ఆ జాబితాను ప్యాకింగ్ లిస్టు అంటాం. మనుషులతో ఎక్కువ మాట్లాడనక్కర్లేదనే ఈ పనిలో చేరాను.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. ఊరికి పంపే పెట్టెలో ప్రతి వస్తువు మీదా మార్కర్‌తో పేరు రాస్తారు. పాలపొడి డబ్బా అమ్మకి, దుప్పటి చిన్న వదినకి, సెంటు సీసా బావకి. పేరు లేకపోతే ఇంట్లో గొడవే. అందుకని కౌంటర్ మీద ఎప్పుడూ మూడు మార్కర్లు ఉంచుతాను.

ఒకరోజు ఓబులమ్మక్క వచ్చింది. రాయచోటి వైపు మనిషి. బ్నీద్ అల్ గార్ అనే పేటలో ఒక కువైటీ ఇంట్లో పదిహేనేళ్లుగా వంట చేస్తోంది. వెనకే ఆ ఇంటి యజమానురాలు, రిటైరైన టీచరు. ఇక్కడ పనివాళ్లు ఇంటి యజమానురాలిని పిలిచినట్టే ఓబులమ్మక్క ఆమెను మామా అని పిలుస్తుంది.

“పాపా, మీ కార్గో ఫిజీకి పోతాదా?”

“పోతది అక్కా. ఫిజీల ఎక్కడికి?”

“అదే చెప్పలేను. ఒక దీవి. పొద్దున పడవెక్కితే సాయంత్రానికి చేరతాం. ఈదికి పేరు లేదు, ఇంటికి నంబరు లేదు.”

కిందటేడు సెలవుల్లో మామా ఫిజీ చూడ్డానికి వెళ్తూ ఈమెనూ తీసుకెళ్లిందట. ఒక్కరోజు చూసి వద్దామని వెళ్లిన దీవిలో సముద్రం పోటెత్తి నాలుగు రోజులు ఉండిపోయారు. ఇరవై రెండు ఇళ్ల ఊరు. తాగడానికి పట్టి ఉంచిన వాన నీళ్లు, చీకటి పడితే ఊరంతటికీ రెండు మూడు దీపాలు. అయినా ఇద్దరికీ కడుపు నిండా పెట్టారు. మేరే అనే ముసలావిడ తన చాప ఓబులమ్మక్కకి పరిచి, తాను ఉత్త నేల మీద పడుకుంది. తిరిగొచ్చేటప్పుడు డబ్బివ్వబోతే ఎవరూ తీసుకోలేదు.

ఆ చాప ఓబులమ్మక్కని నిలవనివ్వలేదు. ఇక్కడి చట్టం ప్రకారం నలుగురిలో పడి చందాలు వసూలు చేయకూడదు కాబట్టి, మామా తన అక్కచెల్లెళ్లను, ఈమె తన దగ్గరి వాళ్లను మాత్రమే అడిగారు. ఏడాది పట్టింది. ఇంటికొక సోలార్ దీపం, ఒక నీటి ఫిల్టరు కొన్నారు.

“అక్కా, అన్నిటి మీద పేర్లు రాద్దాం. అక్కడ పంచేటప్పుడు లొల్లి కాదు,” అన్నాను. ఎవరూ అడక్కుండా నేనిచ్చిన మొదటి సలహా అదేనేమో. ఓబులమ్మక్క సంబరపడిపోయింది. అక్కడున్నప్పుడు ఫోన్లో రాసుకున్న పేర్లు తను చదివితే నేను రాశాను. “మేరే” అన్న పేరు మాత్రం తనే తెలుగులో రాసుకుంది. పేర్లు కనబడేలా ఫోటో తీసి, పెట్టెలు కట్టేసి, ఆ ఫోటోను ఓబులమ్మక్క ఇచ్చిన నంబరుకి, ఆ దీవి బడి హెడ్మాస్టరుకి పంపాను. కన్‌సైనీ, అంటే సరుకు అందుకునే మనిషి, ఎవరో చెప్పమని అడిగాను.

ఆయన కొండెక్కితేగాని సిగ్నల్ దొరకదు. కటాఫ్‌కి, అంటే ఓడకి సరుకు అప్పగించే గడువుకి, ఒక్కరోజు ముందు జవాబొచ్చింది. ఊరి పెద్ద పేరు ఇచ్చి, ఒక మనవి చేశాడు. అతిథులు తెచ్చింది ఏదైనా మా దగ్గర ముందు పెద్ద ఎదుట చాప మీద పెడతాం, ఊరంతా కూర్చుని పంచుకుంటాం. పేర్లుంటే పెద్ద మీ మాట కాదనలేక అలాగే ఇచ్చేస్తాడు. ఈ మధ్య పక్క దీవిలో ఇళ్లు పోయి రెండు కుటుంబాలు మా ఊరికొచ్చాయి. వాళ్ల పేర్లు మీ దగ్గర లేవు. వాళ్లకి ఏం చెప్పాలి?

పేర్లు రాద్దామన్నది నేనే. ఈ ఓడ తప్పితే తర్వాతది చేరేలోపు అక్కడ తుఫానుల కాలం వచ్చేస్తుంది, దీవికి పడవ దొరుకుతుందో లేదో. సూపర్‌వైజర్ దగ్గరికెళ్లి పెట్టెలు విప్పాలన్నాను.

“ఖలాస్, అయిపోయింది. కట్టేసినవి మళ్లీ విప్పుతారా? రేపు పొద్దున లోపల కాకపోతే బాధ్యత ఎవరిది?”

“నాదే సార్,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

హెడ్మాస్టరు మాట ఫోన్లో చెబితే, గంటలో ఓబులమ్మక్క, మామా వచ్చారు. పెట్టెలు విప్పాక ఓబులమ్మక్క ఒక దీపాన్ని ఒళ్లో పెట్టుకుని కదల్లేదు.

“అన్నీ చెరుపుకోండి. ఇది మటుకు ఇయ్యను. ఆ ముసిలామెకే చేరాల.”

“అక్కా, నాదే తప్పు. మనింటి పద్ధతి వాళ్లకి అంటగట్టిన.”

“నీ తప్పు కాదులే పాపా. ఆమె నేల మీద పండుకునింది నేను చూసినాను, నువ్వు చూళ్లేదు.”

మామా అరబీలో నెమ్మదిగా ఏదో అంది. ఓబులమ్మక్క ఒళ్లోని దీపాన్ని ఒకసారి తడిమింది. తర్వాత నాకు చెప్పింది: “ఆమె నీకు చాప ఇచ్చినప్పుడు నీ పేరు అడిగిందా, అంటాంది.”

దీపం నా చేతికిచ్చింది.

మార్కర్ రాత నీళ్లకి పోలేదు, సబ్బుకీ పోలేదు. మామా చేతిసంచిలోంచి ఖరీదైన సెంటు తీసి దీపం మీద కొట్టి గుడ్డతో తుడిచింది. పేరు పోయింది. “యల్లా,” అంది, ఇక కానివ్వండి అన్నట్టు. ముగ్గురం కూర్చుని నలభై నాలుగు పేర్లు తుడిచాం. గోదాము పెళ్లివారిల్లులా గుబాళించింది. సూపర్‌వైజర్ తొంగి చూసి, తుమ్మి వెళ్లిపోయాడు. నేను ప్యాకింగ్ లిస్టు మళ్లీ రాశాను. పొద్దున గడువులోపలే సరుకు వెళ్లింది.

అక్టోబరు చివర్లో ఫోటో వచ్చింది. చాప మీద దీపాలు, చుట్టూ ఊరు. రెండిళ్లు ఎక్కువైనా పక్కపక్క ఇళ్లవాళ్లు కలిసి వాడుకుంటున్నారని హెడ్మాస్టరు రాశాడు. మేరే మాత్రం తనకొచ్చిన దీపం కొత్తగా వచ్చిన కుటుంబంలోని బాలింతకి ఇచ్చేసిందట. పొద్దుగూకగానే పడుకునేదాన్ని నాకెందుకు అందట.

చదివి వినిపించి, ఓబులమ్మక్క ఏమంటుందోనని భయంగా చూశాను. ఆమె పైట కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ నవ్వింది.

“చూసినావా పాపా, మళ్లా ఇచ్చేసింది ముసిలిది. పేరుండి ఉంటే పాపం ఎట్ల ఇచ్చేది?”

ఆ మాట ఆ రోజు డైరీలో రాసుకున్నాను. కౌంటర్ మీద మార్కర్లు ఇప్పటికీ ఉన్నాయి. కాకపోతే మూత తీసే ముందు ఒకటి అడుగుతున్నాను: “అక్కడ ఈ పెట్టె ఎవరి ముందర విప్పుతరు?”