భయపెట్టే మాటల్లో కాకి

ఈ రోజు మా రెంజల్ బడిలో ఆరో తరగతి పిల్లలకు కొత్త మాటలు నేర్పిద్దామని 'భయపెట్టే మాటలు' అంటూ ఒక పజిల్ ఇచ్చాను. అక్షరాల గళ్ళలో దాగిన దయ్యం, శ్మశానం, గబ్బిలం, గుడ్లగూబ, కాకి లాంటి మాటలు వెతికి సున్నా చుట్టాలి. తరగతంతా ఒకటే కేకలు, నవ్వులు.

లావణ్య మాత్రం అన్నీ చుట్టి కాకిని వదిలేసింది. కనబడలేదేమోనని వేలు పెట్టి చూపించాను.

"కనవడ్డది టీచర్. గని కాకి భయపెట్టది గదా," అంది.

"ఎందుకని?"

"మొన్న ఎండకాలం మా బాపు సచ్చిపోతే పిట్టకు పెట్టినం. బాపుకు ఇష్టమని మటన్ వెట్టినా, కల్లు వోసినా కాకి ముట్టలే. అందరు ఏడుస్తుండ్రు. 'బాపూ, నేను మంచిగ సదువుకుంట' అని మొక్కిన. గప్పుడొచ్చి ముట్టింది."

బోర్డు మీద రాసిన మాటల్లోంచి కాకిని చెరిపేశాను. భయపెట్టేవాటిలో దాన్ని చేర్చిన తెలివి నాదే మరి.

సాయంత్రం బడి గోడ మీద ఒక కాకి వాలింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "బాగానే చదువుతోందయ్యా," అని చెప్పాను. నవ్వితే నవ్వండి. మీరైతే చెప్పకుండా వచ్చేసేవారా?