చెవిముడి

వీధి మలుపులో ఉన్న కిరాణా కొట్లో పొట్లాలు కట్టే మనిషిని అందరూ చెవిముడి బాబాయ్ అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, దాంతో పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు కాదు.

ఇరవై ఆరేళ్ళుగా ఆయన పని ఒక్కటే. పప్పో పంచదారో తూచి, ప్లాస్టిక్ కవరు మూతి దగ్గర ఉఫ్ అని ఊది విప్పి, సరుకు పోసి, మెలేసి ముడి వెయ్యడం. ఆ ముడిలోనే ఉంది అసలు సంగతి. కవరు కొసని కుందేలు చెవిలా పైకి నిలబెట్టి వదిలేవాడు. ఆ చెవి పట్టుకుని ఒక్క లాగు లాగితే ముడంతా ఊడొస్తుంది. "చెవి లాగమ్మా, చింపకు" అని ఇచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. ఇంటికెళ్ళాక ఒక్కరూ లాగిన పాపాన పోలేదు. పళ్ళతోనో కత్తెరతోనో పక్కనుంచి చింపి, సరుకు డబ్బాలో ఒంపుకుని, ముడి ముడిలాగే ఉండగా కవరు బయట పారేసేవారు.

పోయిన వానాకాలం మురుగుకాలవ పొంగింది. వీధి మొత్తంలో పల్లంలో ఉన్నది బాబాయ్ ఇల్లే. మోకాలిలోతు నీళ్ళు. బియ్యం డబ్బా పైకెత్తుదామని పరిగెత్తిన ఆయన భార్య గడప దగ్గర కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆ రోజు ఎక్కిన మంచం ఆవిడ మళ్ళీ దిగలేదు.

నీళ్ళు తీశాక, కాలవ శుభ్రం చేసే మనిషి తూములోంచి గంపలకొద్దీ కవర్లు లాగి వాకిట్లో కుప్ప పోశాడు.

"ఇవిగో పెద్దాయనా, మీ ఇంటికి నీళ్ళు పంపిన మహానుభావులు!" అని నవ్వాడు.

బాబాయ్ వంగి చూశాడు. అన్నీ పక్కనుంచి చిరిగిన కవర్లే. బురదలోంచి ప్రతిదాని నెత్తినా ఒక చెవి. ఒకదాన్ని పట్టుకుని లాగాడు. ఎన్నేళ్ళు నానిందో ఏమో, ముడి చిటుక్కున ఊడింది. అన్నీ తను వేసిన ముళ్ళే.

ఈ మాట భార్యకి చెప్పడానికి వారం పట్టింది.

"చాల్లే ఊరుకో," అందావిడ. "నీ ముడి అంత గట్టిదైతే నా ఎముక్కి ఒకటెయ్యి. ఆ బీరువాలో పాత కర్టెన్లున్నాయి, ఇటు పడెయ్. సంచులు కుడతాను. ఈ కప్పు చూస్తూ ఎన్నాళ్ళని పడుకోను?"

ఆ ఏడంతా వెల్లకిలా పడుకునే చేత్తో కుట్టింది. కర్టెన్లయ్యాయి, దుప్పట్లయ్యాయి, బాబాయ్ పెళ్ళినాటి చొక్కా కూడా సంచయింది. ఆయన ఇంటింటికీ తిరిగి పంచాడు. తను కాళ్ళావేళ్ళా పడితే, సంచి తెచ్చినవాళ్ళకి కవరివ్వనని కొట్టు యజమాని చివరికి ఒప్పుకున్నాడు. మళ్ళీ వానలొచ్చేలోగా తూములోకి కవర్లు వెళ్ళడం ఆగాలి, అంతే ఆయన కోరిక. ఈసారి నీళ్ళొస్తే ఆవిడ లేచి పరిగెత్తను కూడా లేదు.

రోజూ సాయంత్రం ఆయన చెప్పులు విప్పకముందే మంచం మీంచి ప్రశ్న వచ్చేది.

"ఇవాళెన్ని సంచులొచ్చాయి?"

"పద్దెనిమిది."

"టీచరమ్మకిచ్చిన నీలంపూలది వచ్చిందా?"

"వచ్చిందే. వచ్చింది."

అందులో అబద్ధం లేదు. చెప్పనిది ఇంకొకటుంది.

నీలంపూల సంచి బల్లమీద పెట్టి టీచరమ్మ ఏమందంటే, "లోపల కవర్లో వేసి కట్టు బాబాయ్."

"సంచి తెచ్చారు కదమ్మా, మళ్ళీ కవరెందుకు?"

"పిన్ని మంచంలో పడుకుని కుట్టింది. పప్పు పొడి అంటించి పాడు చెయ్యబుద్ధి కాదు. శుభ్రంగా ఉంచుకుంటున్నాను, చూడు."

టీచరమ్మని చూసి పక్కావిడ, ఆవిణ్ణి చూసి ఇంకొకావిడ. పప్పుకొక కవరు, పంచదారకొక కవరు, సబ్బుకి కూడా విడిగా ఒక కవరు. అన్నీ కట్టి సంచిలో సర్దాలి. బాబాయ్ యజమాని వైపు చూస్తే ఆయన తల దించుకుని, "సంచి తెచ్చారుగా, ఇంకేమనను?" అన్నాడు. మళ్ళీ ఉఫ్, మళ్ళీ మెలి, మళ్ళీ చెవి.

మొదటి వాన మధ్యాహ్నం దిగింది. కొట్టు ముందు జనం తోసుకున్నారు. అందరి చేతుల్లోనూ ఆవిడ కుట్టిన సంచులే.

"తడుస్తాయి బాబాయ్, రెండేసి కవర్లు తొడుగు!"

"నాకు సంచి పైన కూడా ఒక పెద్ద కవరివ్వు, గుడ్డ నానిపోదూ!"

ఆయన చేతులు ఆయన మాట వినకుండా ముళ్ళు వేస్తూనే ఉన్నాయి. బల్ల కింద కవర్ల కట్ట ఖాళీ అయింది. యజమాని ఇంకో కట్ట విప్పాడు.

ఇంటికి వచ్చేసరికి కాలవ అంచుదాకా ఉంది. నీళ్ళమీద ఒక చెవి తేలుతూ తూము వైపు వెళ్తోంది.

"ఎన్నొచ్చాయి?" అందావిడ.

"అన్నీ. ఒక్కటి తప్పకుండా అన్నీ వచ్చాయే."

"అమ్మయ్య," అని కళ్ళు మూసుకుంది. "ఐతే ఈ ఏడు నీళ్ళు రావులే."

ఆయన పెరట్లోంచి ఇటుకలు మోసుకొచ్చాడు. మంచం కోళ్ళు ఒక్కొక్కటే ఎత్తి కింద ఇటుక దూర్చాడు. నాలుగో కోడు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కళ్ళు తెరిచి ఆయన్నే చూస్తోంది. ఆయన తలెత్తలేదు. గడప కిందనుంచి సన్నగా తడి లోపలికి పాకుతోంది.

ఆవిడ తల తిప్పి ఆ తడి చూసింది.

"ఇంకో వరస పెట్టు."