నలభై ప్రశ్నల కాగితంతో బడికి వెళ్లిన రోజు

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. దేన్నయినా ఒకసారి చూస్తే చాలు, దానికి ఐదులో ఎన్ని స్టార్లు వేయాలో చెప్పగలనని గట్టి నమ్మకం. తిన్న ఇడ్లీకి, ఎక్కిన బస్సుకి, చివరికి మా పిన్ని తెచ్చిన పెళ్లి సంబంధాలకి కూడా మనసులో స్టార్లు వేసేదాన్ని. (వాళ్లు నాకు ఎన్ని వేసి వెళ్లిపోయారో మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు.) ఉద్యోగం కూడా సరిగ్గా అలాంటిదే దొరికింది. మద్దిలపాలెంలో కళ్లజోళ్ల దుకాణం పైన ఒక గది, మూడు కంప్యూటర్లు, నలుగురు మనుషులం. పోర్టుకీ స్టీలు ప్లాంటుకీ కొత్తగా ఉద్యోగాల మీద వచ్చే కుటుంబాలకి ఊళ్లో ఏ బడి మంచిదో చెప్పే వెబ్‌సైటు మాది. యజమానిని మేం చాటుగా స్టార్ల సారు అనేవాళ్లం. అప్పటిదాకా నేను చూసినవన్నీ ప్రైవేటు బళ్లే. చల్లటి గదిలో కూర్చోబెట్టి, జ్యూస్ ఇచ్చి, ఈతకొలను బొమ్మ చూపించేవారు. కొలను మాత్రం ఎప్పుడడిగినా వచ్చే ఏడాదే.

ఒకరోజు గోదావరి జిల్లా నుంచి ఒకావిడ మాకు ఉత్తరం లాంటి మెయిల్ రాసింది. వాళ్లాయనకి కూర్మన్నపాలెం వైపు ఉద్యోగం వచ్చిందట. తీసుకున్న ఇంటి వీధి చివరే మునిసిపల్ ప్రాథమిక పాఠశాల ఉందట. పాప నడిచి వెళ్లి రావచ్చు, కానీ చుట్టుపక్కల అందరూ వద్దంటున్నారు, ఎందుకు వద్దో మాత్రం ఎవరూ చెప్పడం లేదు, మీరు చూసి చెప్పగలరా అని అడిగింది. స్టార్ల సారు ఆ పని నాకు అప్పగించారు. నేనెవరో చెప్పకుండా వెళ్లాలి, చెబితే అంతా సర్ది చూపిస్తారు, మామూలు తల్లిలా వెళ్లి ఉన్నదున్నట్టు చూసి రావాలి, ఇదీ ఆజ్ఞ. ప్రతి బడికీ వాడే నలభై ప్రశ్నల కాగితం చేతికిచ్చారు. నేను మా అమ్మ నేత చీర కట్టుకుని, పెద్ద బొట్టు పెట్టుకుని, అద్దంలో చూసుకుని, తల్లి వేషానికి నాలుగున్నర వేసుకుని బస్సెక్కాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ వారమంతా పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా ఒకటి ఊళ్లో తిరుగుతోందని, అందులో చీరలు కట్టుకున్న ఆడవాళ్లున్నారని, ఎవరిదో గొంతు ఫోను నుంచి ఫోనుకి తిరుగుతోంది. మా పిన్ని మా ఇంటి గ్రూపులో కూడా పెట్టింది. నేను అది పూర్తిగా వినకుండానే దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను.

బడి చేరేసరికి పదిన్నర అయింది. గేటు ఎదురుగా కిరాణా కొట్టు నీడలో నిలబడి పని మొదలుపెట్టాను. గోడ ఎత్తెంత అన్నది ఏడో ప్రశ్న, అందుకని గోడకి ఫోటో తీశాను. గేటుకి, పక్కనున్న చిన్న తలుపుకి కూడా తీశాను. ఇంటర్వెల్ గంట కొట్టగానే పిల్లలు బయటికొచ్చారు. వేలు ఊపుతూ వాళ్లని లెక్కపెట్టాను. ఒక పాప గేటు ఊచలు పట్టుకుని నన్నే చూస్తోంది. పేరడిగాను, ఏ క్లాసని అడిగాను, ఇంటికి ఎవరితో వెళ్తావని కూడా అడిగాను. ఒక్కదాన్నే అంది. అది రాసుకుని, అంత చక్కగా సమాధానం చెప్పినందుకు సంచిలోంచి ఒక నిమ్మ బిళ్ల తీసి ఇచ్చాను. ఇదంతా ఎంత శ్రద్ధగా చేశానంటే, వెనక కొట్టాయన ఫోను నావైపు తిప్పడం కూడా గమనించలేదు.

పాప ఆ బిళ్ల నోట్లో వేసుకోలేదు. నేరుగా తీసుకెళ్లి వంటావిడ చేతిలో పెట్టిందట. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడని పిల్లలందరూ అత్త అంటారు. ఆవిడ చేతిలో గరిటె అలాగే పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"ఏటమ్మా, ఏటి రాస్తన్నావు?"

మా బాబుని చేర్పిద్దామని చూస్తున్నానన్నాను. బాబు ఎక్కడంటే ఇంట్లో ఉన్నాడన్నాను. ఇల్లెక్కడంటే జంక్షన్ దగ్గరన్నాను. జంక్షన్ దగ్గర ఎక్కడంటే చెయ్యి గాల్లో తిప్పాను. ఆవిడ చూపు నా కాళ్ల వేళ్ల మీద ఆగింది. (మట్టెల సంగతి నాకూ గుర్తులేదు, స్టార్ల సారుకీ గుర్తులేదు.) బాబు పేరేటని అడిగింది. కన్నకొడుకు పేరు చెప్పడానికి ఏ తల్లీ ఆలోచించదు. నేను ఆలోచించాను. చివరికి చిన్ను అన్నాను. లోపలికి రా, పెద్ద మేడమ్‌తో మాట్లాడుదువుగాని అంది. నేను లోపలికి అడుగుపెట్టగానే వెనక గేటుకి గొలుసు పడింది. భద్రత బాగుందనుకున్నాను.

పెద్ద మేడమ్ అంటే హెడ్మిస్ట్రెస్. యాభై దాటిన మనిషి, గొంతు పెంచకుండా మాట్లాడుతుంది. కూర్చోమని చెప్పి, మంచినీళ్లిచ్చి, అడ్మిషన్ ఫారం తీసి, మెల్లగా ఒక్కొక్కటే అడగసాగింది. బాబు పేరు. బన్ను అన్నాను. పక్కనే ఉన్న అత్త మేడమ్ వైపు చూసింది. వయసు. ఐదన్నాను. మీకెంత అని అడిగింది. అబద్ధం చెప్పాలని తట్టక ఇరవై రెండన్నాను. ఆవిడ ఫారం మూల మీద ఆ చిన్న తీసివేత చేసి, జవాబు కింద గీత గీసి, ఆ గీతనే కాసేపు చూస్తూ కూర్చుంది. ఇంతలో ఇంటర్వెల్ మధ్యలోనే మళ్లీ గంట మోగింది. పిల్లలు వరుసగా గదుల్లోకి వెళ్లిపోయారు, ప్రతి గదిలోంచీ హాజరు పలికే గొంతులు వినిపించాయి. క్రమశిక్షణకి ఎన్ని వేయాలా అని నేను ఆలోచిస్తున్నాను. వాళ్లు అక్కడ ఎవరైనా తగ్గారా అని లెక్క చూసుకుంటున్నారని నాకు తెలియదు.

మేడమ్ చెయ్యి చాపి ఆ కాగితం ఓసారి ఇమ్మంది. ఇచ్చాను. పైకి చదివింది. గేటు దగ్గర కాపలా ఉందా, లేదా. గోడ ఎత్తు ఎంత. వెనక తలుపు ఉందా. బడి వదిలాక పిల్లల్ని ఎవరు తీసుకెళ్తారు. ఒంటరిగా వెళ్లేవారు ఎందరు. నెలల తరబడి నేను అడుగుతూ వచ్చిన ప్రశ్నలే అవి. ఆ గదిలో, ఆ గొంతులో వింటుంటే అవి నేను అడిగేవి కానట్టే ఉన్నాయి. అప్పుడు పిన్ని పెట్టిన మెసేజ్ గుర్తొచ్చింది. అప్పుడే బయట గేటు ఊపుతున్న చప్పుడు కూడా వినిపించింది. కొట్టాయన నా ఫోటో కాలనీ గ్రూపులో పెట్టేశాడు.

నాకు కొడుకు లేడని, పెళ్లే కాలేదని, ఫలానా ఆఫీసులో పనిచేస్తానని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఏడుస్తూనే చెప్పాను. మేడమ్ నా ఫోన్ తీసుకుని స్టార్ల సారుకి చేసింది. ఫలానా అమ్మాయి మీ మనిషేనా అని అడిగింది. రహస్యంగా పంపినవాళ్ల సంగతి ఎవరికీ చెప్పకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం. అలాంటివాళ్లు మా దగ్గర ఎవరూ లేరండీ అని మర్యాదగా చెప్పి ఫోన్ పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

బయట గొంతులు పెరిగాయి. రాత్రి డ్యూటీ చేసి పడుకున్న తండ్రులు నిద్రలోంచి లేచి వచ్చారు. "దాన్ని బయటికంపండి మేడమ్, మేం సూసుకుంటాం" అని ఎవరో అరిచారు. ఇంకెవరో గోడెక్కుదాం బావా అంటున్నారు. మేడమ్ నన్ను బియ్యం బస్తాలుండే గదిలోకి పంపి, అత్తని గుమ్మంలో కూర్చోమంది. నేను పారిపోకుండానో, ఎవరూ లోపలికి రాకుండానో అప్పుడు నాకు అర్థం కాలేదు. అప్పటికి నేను దొంగనో కాదో ఆవిడకీ తెలియదు.

కిటికీలోంచి ఆవిడ గొంతు వినిపించింది. "పిల్లలందరూ ఉన్నారు. పేరు పేరునా పిలిచి చూశాం. ఆ అమ్మాయి నా దగ్గరుంది. పోలీసులకి చెప్పాను. వాళ్లొచ్చేదాకా ఈ గేటు తియ్యను."

మా పిల్లల్ని మాకిచ్చెయ్యండి అని ఒకాయన అడిగాడు. "ఇస్తాను. ఒక్కొక్కరే చిన్న తలుపు దగ్గరికి రండి. మీ పిల్ల మిమ్మల్ని గుర్తుపట్టాక, సంతకం పెట్టి తీసుకెళ్లండి. ఆ అమ్మాయిని మాత్రం ఇవ్వను. ఆమె కూడా ఇప్పుడు ఈ బళ్లోనే ఉంది." ఆ మాట తర్వాత గేటు ఊపడం ఆగింది. గొంతులు ఆగలేదు.

నేను బస్తాకి ఆనుకుని కూర్చున్నాను. అత్త వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది. "నాను ముందే అనుకున్నాను. దొంగయితే ఇంకా బాగా అబద్దమాడతాది." ఆ మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది, కొంచెం అవమానంగా కూడా అనిపించింది. మళ్లీ ఆవిడే అడిగింది. "మీ ఆపీసోలు నీ పోటో ఎక్కడా ఎట్టలేదా?"

పెట్టారు. ఆయుధపూజ నాడు కంప్యూటర్లకి బొట్లు పెట్టి, వాటి పక్కన నలుగురం నిలబడి దిగిన ఫోటో మా వెబ్‌సైటులోనే ఉంది. కింద పేర్లు కూడా ఉన్నాయి. ఆ సంగతి నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. మహిళా కానిస్టేబుల్ రాగానే అది చూపించాను. ఆమె ఫోటోనీ నన్నూ మార్చి మార్చి చూసి, స్టార్ల సారుకి తన ఫోన్‌లోంచి చేసింది. ఈసారి ఆయనకి నేను బాగానే గుర్తొచ్చాను.

కానిస్టేబుల్ గేటు దగ్గరికెళ్లి చెప్పాక జనం నెమ్మదిగా పల్చబడ్డారు. నేను గదిలోంచి బయటికొచ్చేసరికి, ఇందాక గోడెక్కుదామన్నాయన లుంగీ సర్దుకుంటూ చివరిదాకా నిలబడ్డాడు. నాకు మళ్లీ భయం వేసింది. ఆయన నా దగ్గరికే వచ్చి, "మరైతే మేడమ్, పెద్దదాన్ని ఆరో క్లాసుకి ఏ బళ్లో ఎయ్యమంటారు?" అని అడిగాడు.

వెళ్లిపోతానంటే పెద్ద మేడమ్ ఒప్పుకోలేదు. ముందు ఒక పని ఉందంటూ నన్ను రెండో క్లాసు గదిలోకి తీసుకెళ్లి పిల్లల ముందు నిలబెట్టింది. తెలియనివాళ్లు ఏదైనా పెడితే తీసుకోవద్దని, ఇల్లెక్కడో చెప్పొద్దని నా నోటితోనే చెప్పించింది. అందరూ చాలా శ్రద్ధగా విన్నారు. గేటు దగ్గర మాట్లాడిన పాప చెయ్యెత్తి, "మీరు దొంగ కాదా టీచర్?" అని అడిగింది. కాదన్నాను. పాప ముఖంలో కొంచెం నిరాశ కనిపించింది. తర్వాత పిల్లల వరుసలోనే కూర్చుని అన్నం, సాంబారు, ఉడికించిన గుడ్డు తిన్నాను. అత్త అడక్కుండానే నాకు రెండోసారి వడ్డించింది.

మర్నాడు ఆఫీసులో స్టార్ల సారు ఏమీ జరగనట్టే ఆ నలభై ప్రశ్నలకీ జవాబులు అడిగారు. కంప్యూటర్లు రెండే ఉన్నాయని, ఆటస్థలం చిన్నదని, రెండు క్లాసులకి ఒకే టీచరమ్మ ఉందని, పిల్లలు తెలుగు తడబడకుండా చదువుతున్నారని ఉన్నదున్నట్టు రాశాను. భద్రత దగ్గర మాత్రం స్టార్లు వేయలేదు. "ఈ బడివాళ్లు నన్ను నమ్మలేదు. మీ పాపని నమ్మకంగా పంపండి" అని రాసి ఆ గోదావరి ఆవిడకి పంపాను. జూన్‌లో ఆవిడ ఫోన్ చేసింది. పాపని అక్కడే చేర్చారట. మొదటిరోజు సాయంత్రం వాళ్లాయన వెళ్తే, పాప వచ్చి నాన్నా అని పిలిచేదాకా గేటు తియ్యలేదట. ఆవిడ ఫిర్యాదు చేస్తోందో మెచ్చుకుంటోందో నాకు తెలియలేదు. నాకు మాత్రం చాలా ఆనందంగా ఉండింది.

ఆ ఉద్యోగం మరో ఏడాదికే మానేశాను. ఇప్పుడు నాకు ముప్పై దాటాయి. బంధువుల్లో ఎవరైనా ఏ బడి మంచిదని అడిగితే వెంటనే చెప్పలేను. మీరే వెళ్లి ఒక పూట చూసి రండి, వెళ్లగానే మీరెవరో చెప్పండి అంటాను. ఎదుటివాళ్లకి నా మీద నమ్మకం తగ్గుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది. అప్పుడప్పుడు అమ్మ చీర కట్టుకుని అంత ధీమాగా బస్సెక్కిన ఆ అమ్మాయి గుర్తొస్తుంది. ఆమె తెలివికి ఇప్పుడు ఎన్ని స్టార్లు వేయాలో నాకు తెలియదు గాని, ఆ ధీమాలో కొంచెం నాకు మిగిలుంటే బాగుండేదనిపిస్తుంది.