సినిమాలో లేని తల్లి

విశ్వాసం ఒక చోట కుదురుగా కూర్చున్నాడంటే ఒంట్లో బాగాలేదని అర్థం. మార్కాపురంలో సుందరరామయ్య గారి టూరింగ్ టాకీసులో నేను గేటు దగ్గర టికెట్లు చింపేవాణ్ని. విశ్వాసం జట్కాబండిలో మైకు పెట్టుకుని చుట్టుపక్కల పల్లెల్లో సినిమా చాటేవాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయింది, మేమింకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాం. అన్నం తింటూ కూడా లేచి రెండుసార్లు వాకిలి దాకా పోయొచ్చే మనిషి విశ్వాసం. ఆ కాళ్లకు జట్కా ఉద్యోగం సరిగ్గా సరిపోయింది.

అతనికో పిచ్చి. మద్రాసులో ఒక డైరెక్టరు ఉండేవాడు. పేరు చెప్పను, చెబితే ఇప్పటికీ జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లున్నారు. ఆయన మొదటి సినిమా మా డేరాలో ఆడినప్పుడు సగం జనం మధ్యలో లేచి పోయారు, మిగతా సగం మర్నాడు మళ్లీ వచ్చారు. విశ్వాసం ఎనిమిదిసార్లు చూశాడు. నేను ఒకసారి చూశాను, అదే ఎక్కువ. ఆ సంగతి మీద మేమిద్దరం నెలరోజులు మాట్లాడుకోలేదు.

ఆయన రెండో సినిమా వస్తోందని తెలిసిన రోజు విశ్వాసం కాలు నేల మీద నిలిస్తే ఒట్టు. అయితే చిక్కొకటి వచ్చింది. ప్రతి సినిమాకీ పాటల పుస్తకం ముందే వచ్చేది. అందులో సగం కథ ఉండేది. విశ్వాసం దానికి ఉప్పూకారం వేసి మైకులో చెప్పేవాడు. ఈసారి పుస్తకం రాలేదు. పోస్టరు వచ్చింది, దాని మీద తలకిందులుగా ఒక కుర్చీ, పక్కన హీరో మొహం. అంతే.

"కథేందో తెలీకుండా ఏం చాటుతావురా?" అన్నాను.

"ఆయన సినిమా గదన్నా. తల్లి లేకుండా తియ్యడు," అన్నాడు.

మొదటి దాంట్లో తల్లి ఉంది కాబట్టి రెండో దాంట్లోనూ ఉంటుందని అతని లెక్క. తప్పిపోయిన కొడుకు కోసం ఒక తల్లి ఊళ్లూ అడవులూ పట్టుకు తిరగడం, చివరికి కొడుకు దొరకడం, అన్నీ తనే అల్లేశాడు. ఊరికే చెప్పలేదు, ఏడుస్తూ చెప్పాడు. మిరప చేలల్లో కూలివాళ్లు పని ఆపి విన్నారట. సుందరరామయ్య గారు భుజం తట్టారు.

సినిమా వేసిన రోజు ఫస్ట్ షోకు జనం విరగబడ్డారు. గేటు దగ్గర ఒక పెద్దామె టికెట్టు చేత్తో పట్టుకుని లోపలికి పోకుండా నిలబడింది. పేరు హన్నా, ఆరు మైళ్ల అవతలి పల్లె. ఇంకో నలుగురు ఆడవాళ్లతో ఎడ్లబండిలో వచ్చింది.

"ఆ మైకు పిల్లోడు ఏడీ నాయనా?"

"వస్తాడుగానీ, లోపలికి పో పెద్దమ్మా."

"నా కొడుకు ప్రకాశరావు నల్లమల అడవిలో వెదురు కొట్టే కూపుకు పోయినాడు. మూడేండ్లయింది, రాలేదు. ఈ సినిమాలో యమ్మకు కొడుకు దొరికినాడంట గదా, ఎట్ల ఎదికిందో చూసి పోదామని వచ్చినా. సినిమాకు వచ్చినట్టు మా సంఘపెద్దకు తెలిస్తే గుడిలో రొట్టె ఇచ్చే బల్ల దగ్గరికి రానియ్యడు. అయినా వచ్చినా."

"పెద్దమ్మా, ఇది సినిమా..."

"మా కిరస్తానం పిల్లోడే గదా చెప్పింది. గుడిలో సాక్ష్యం చెప్పినట్టే ఏడ్చి చెప్పినాడు. అబద్ధం ఎందుకవుతాది?"

వాళ్ల గుడిలో ఆదివారం నాడు ఎవరో ఒకరు లేచి తమకు జరిగిన మేలు అందరి ముందూ చెప్పుకుంటారు. విశ్వాసం మాటలు ఆమె అట్లాగే విన్నది. పోయి విశ్వాసానికి చెప్పాను. అతని మొహం పాలిపోయింది.

"ఉంటాదిలే అన్నా. తల్లి ఉంటాది," అన్నాడు, నన్ను బతిమాలుతున్నట్టు.

లేదు. అది ఒక కథే కాదు, అయిదు కథల మూట. మొదటి కథలో ఊళ్లో గడియారం ఆగిపోయింది కాబట్టి ఎవరూ అన్నం తినరు. హీరో ఆకలితో చచ్చిపోతాడు. రెండో కథలో అదే హీరో పెళ్లికొడుకై కుర్చీకి తాళి కడతాడు.

"చచ్చినోడు ఎట్ల లేచినాడురా?" అని నేల మీద నుంచి ఒకడు అరిచాడు.

"వాని తమ్ముడేమో!" అన్నాడు ఇంకొకడు.

మాకున్నది ఒకటే మిషను. రీలు మార్చినప్పుడల్లా లైట్లు వేస్తాం. లైటు వెలిగిన ప్రతిసారీ హన్నా వెనక్కి తిరిగి విశ్వాసం కోసం వెతికేది.

"ఇంకా రాలేదే నాయనా ఆ తల్లి?"

"ముందుంది అత్తా."

ఆ మాట అనేసి మిషను దగ్గరికి పరుగెత్తేవాడు, రీళ్ల డబ్బాలు తిప్పి చూసేవాడు. వాటి మీద నంబర్లు తప్ప ఏముంటాయి? మళ్లీ డేరా గుంజ దగ్గరికి, మళ్లీ నా దగ్గరికి. మూడో కథలో ఊరంతా లాంతర్లు పట్టుకుని దేన్నో వెతకడం మొదలైంది. హన్నా మోకాళ్ల మీద లేచింది. వాళ్లు వెతుకుతున్నది గేదెనట, అది వాళ్ల మధ్యనే నిలబడి ఉందట. డేరాలో కొందరు నవ్వారు. ఆమె మెల్లగా కూర్చుంది.

నిజం చెప్పాలంటే నాకే కోపం వచ్చింది. మొదటి సినిమా నాకు నచ్చలేదు గానీ అందులో ఒక మనిషి నిజంగా కొట్టుమిట్టాడాడు. ఇందులో పిచ్చి లేదు, పిచ్చి వేషం ఉంది. ఆ సంగతి నాకంటే ముందు విశ్వాసానికే తెలిసింది. అయిదో కథప్పుడు అతను తెర వైపు చూడనే లేదు.

సినిమా అయింది. జనం డైరెక్టర్నీ, సుందరరామయ్య గార్నీ, విశ్వాసాన్నీ కలిపి తిట్టుకుంటూ పోయారు. తోటి ఆడవాళ్లు బండి దగ్గర నుంచి కేకేస్తున్నారు. హన్నా మాత్రం ఇసుకలో తెర వైపే కూర్చుని ఉంది. విశ్వాసం పోయి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"సినిమాలో తల్లి లేదత్తా. ఆ కథ నేనే అల్లినా."

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది.

"సరే నాయనా. అల్లినోడివి నువ్వే గదా. ఆ యమ్మకు కొడుకు ఏడ దొరికినాడో అదొక్కటి చెప్పు, పోతా."

విశ్వాసం తెర వైపు ఒకసారి చూశాడు.

"అంతదాకా ఆలోచించలేదత్తా," అన్నాడు.

హన్నా చీరకంటిన ఇసుక దులుపుకుని లేచింది. "మూడేండ్లుగా నేనూ అంతదాకే వచ్చినా," అని బండి వైపు నడిచింది.

మర్నాడు విశ్వాసం పనికి రాలేదు, ఆ తర్వాత ఊళ్లోనూ కనపడలేదు. సుందరరామయ్య గారు తిట్టి మైకు నా చేతికిచ్చారు. రెండు వారాల తర్వాత గిద్దలూరు నుంచి వచ్చిన వెదురు లారీ మనిషి ఒక కబురు చెప్పాడు. నల్లమల కూపుల్లో ఎవరో ఒకడు చెట్టు చెట్టుకూ ఆగుతూ, వట్టి గొంతుతో ప్రకాశరావూ, ప్రకాశరావూ అని పిలుచుకుంటూ తిరుగుతున్నాడట.